వినకముందే తీర్పు

పరువు విలువగలది. దానిని కాపాడుటకై వాక్స్వాతంత్ర్యమునకు హద్దు విధింపవచ్చునని మన రాజ్యాంగము 19వ అధికరణమే చెప్పుచున్నది. ఈ విషయమున మాకు వివాదము లేదు. వాది మాట మాత్రమే విని, వ్రాసినవానికి కబురైనను పంపక, ప్రచురణను నిలిపివేయు తాత్కాలిక నిషేధాజ్ఞల విషయముననే మా అభ్యంతరము. బడిలో తగవు వచ్చినపుడు ఒక పిల్లవాని మాట విని రెండవవానిని బెంచీ యెక్కించు ఉపాధ్యాయుని ఎవరు మెత్తురు? తాత్కాలికమన్నది పేరునకే, వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగు మన దేశమున అదియే తుది తీర్పగుచున్నది.

తాను వ్రాసినది నిజమని ప్రతివాది నిరూపింప నిలిచినపుడు, అది అసత్యమని స్పష్టముగా కనబడిననే తప్ప, విచారణకు ముందు ప్రచురణను ఆపరాదని ఆంగ్ల న్యాయస్థానము 1891లోనే బొనార్డ్ వ్యాజ్యమున నిర్ణయించినది.

మన దేశమున 1994లో మద్రాసు పత్రిక 'నక్కీరన్' వ్యాజ్యము వచ్చినది. మరణశిక్ష పడిన ఖైదీ ఆటో శంకర్ తన ఆత్మకథలో పెద్ద ఉద్యోగులతో తనకుగల సంబంధములను వ్రాసినాడట! దానిని ప్రచురింపరాదని కారాగారాల ఉన్నతాధికారి పత్రికకు లేఖ వ్రాసెను. అది న్యాయస్థానపు ఆజ్ఞ కాదు, నిజమే. కాని అందలి ప్రశ్న ఇదియే. పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగా నుండిన బి.పి. జీవన్ రెడ్డిగారు సుప్రీంకోర్టు తీర్పు వ్రాయుచు, తమకు పరువు నష్టము కలుగునని భయపడి ప్రచురణను ముందుగా ఆపు అధికారము ప్రభుత్వమునకు గాని ఉద్యోగులకు గాని లేదనియు, ప్రచురణానంతరమే పరిహారము కోరవలెననియు తేల్చిరి. పత్రికలకు పట్టపగ్గములు లేవని దీని యర్థము కాదు. ప్రభుత్వ రికార్డులకెక్కని సొంత జీవిత విషయములను అనుమతి లేక బయటపెట్టినచో బాధ్యత తప్పదని ఆ తీర్పే హెచ్చరించినది.

అయినను 2024 మార్చి 1న ఢిల్లీలోని ఒక న్యాయస్థానము, జీ సంస్థను గూర్చి బ్లూమ్‌బెర్గ్ ప్రచురించిన వ్యాసమును తొలగింపుమని ఏకపక్షముగా ఆజ్ఞాపించెను. హైకోర్టు దానిని సమర్థించెను. మార్చి 22న సుప్రీంకోర్టు ఆ ఉత్తరువులను కొట్టివేయుచు, అట్టి నిషేధము ఆరోపణ రుజువు కాకమునుపే వ్యాసమునకు మరణశిక్ష వంటిదనినది.

ధనబలముగల సంస్థకే మూడు వారములు పట్టినది. జిల్లా కేంద్రమున నాలుగు పుటల వారపత్రిక నడుపువాడు ఢిల్లీ దాక పోగలడా? ఆతనికై క్రొత్త చట్ట మక్కరలేదు. నోటీసు లేక నిషేధమిచ్చినచో కారణములు వ్రాయవలెననియు, 30 దినములలో ఆ దరఖాస్తును తేల్చుటకు యత్నింపవలెననియు సివిల్ ప్రక్రియా స్మృతి 39వ ఆర్డరులో ఉన్నది. క్రింది న్యాయస్థానములు ఆ రెండు నిబంధనలను పాటించిన చాలును.