విడిచిన పీఠము విలువ

కార్మిక సంఘ నాయకుడు పదవీ విరమణ చేయునపుడు జరుగు సన్మాన సభను, రైలు పట్టాలును మిల్లు పొగగొట్టములును ఉన్న ఏ ఊరివారైనను ఎరుగుదురు. పూలదండ, శాలువా, అద్దము బిగించిన సన్మాన పత్రము, వక్తల ప్రశంసలు, తుదకు ఫలాహారము: ఇదియే క్రమము. కొన్నేండ్ల క్రిందట విశాఖపట్టణమున నేను చూచిన అట్టి సభ యొకదానిలో ఒక చిన్న ఘట్టము నా మనస్సున నాటుకొనిపోయినది. సభ ముగిసి జనము లేచిపోవుచుండగా ఆ వృద్ధ కార్యదర్శి కార్యాలయములోని ఇనుప బీరువా తెరచి, సభ్యత్వపు రిజిస్టరును, చందా రసీదు పుస్తకములను, మినిట్సు పుస్తకమును, యాజమాన్యముతో కుదిరిన వేతన ఒప్పందముల కట్టను ఒక్కొక్కటిగా తన స్థానమునకు వచ్చిన యువకుని చేతికిచ్చి, ఇచ్చిన ప్రతిదానికిని సంతకము పెట్టించుకొని, తాళపుచెవి బల్లపై నుంచి, మెడలోని దండనైనను తీయకయే మెట్లు దిగిపోయెను. ఒక నాయకుని జీవితమును తూచదలచినవారు అతడు ఏయే పీఠముల నెక్కెనో లెక్కించుట కంటె, దిగునపుడు ఎట్లు దిగెనో, దిగి ఏమి మిగిల్చెనో చూచుట న్యాయమని నాకు ఆనాడు తోచినది.

ఆ కొలతతో చూడదగిన జీవితము మన తెలుగువారిలోనే ఒకటి కలదు. రైల్వే కార్మికుల సంఘముతో ప్రజాజీవితమున అడుగిడి, రాష్ట్రపతి భవనమునుండి 1974 ఆగస్టు 24న విరమించిన వరాహగిరి వేంకటగిరి గారి జీవితమది.

1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా బరంపురమున, పేరుగన్న న్యాయవాది జోగయ్య పంతులు గారి ఇంట జన్మించిన గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకై 1913లో ఐర్లండు వెళ్ళిరి. ఆ సంవత్సరముననే డబ్లిను నగరమున, సంఘమును విడిచిపెట్టెదమని వ్రాసియిచ్చిననే గాని పనిలోనికి రానీయమని యజమానులు పట్టుపట్టి, వేలాది కార్మికులకు కర్మాగారముల తలుపులు మూసివేసిరి. ఆ లాకౌటు 1914 ఆరంభము వరకును సాగి, పేదల ఇండ్లలో పొయ్యి వెలుగని దినములను తెచ్చిపెట్టినది. పరాధీన దేశమునుండి వచ్చిన యువకునికి, స్వాతంత్ర్యము కొరకు పెనుగులాడుచున్న మరియొక పరాధీన దేశమున, కూలివాని ఆకలియు జాతి అవమానమును ఒకే వ్యాధికి రెండు లక్షణములని బోధపడుటకు ఇంతకు మించిన పాఠశాల ఎక్కడ దొరకును? 1916 నాటి ఈస్టరు తిరుగుబాటు తరువాత ఆయన ఆ దేశమును విడిచి రావలసివచ్చినది.

తిరిగివచ్చిన గిరిగారిని కార్మికోద్యమమునకు చేర్చినది బెంగాల్ నాగపూర్ రైల్వే. వాల్తేరునుండి తూర్పు తీరము వెంబడి సాగి కలకత్తా నందుకొను ఆ రైలుమార్గము ఎందరో తెలుగువారిని ఖర్గపూరు కర్మాగారములకు కొనిపోయినది. నేటికిని ఆ పట్టణపు వీధులలో తెలుగు వినబడుచునే యున్నది. అప్పటికి సంఘము పెట్టుటయే సాహసము. 1918లో స్థాపితమైన మద్రాసు లేబరు యూనియను నాయకుడు బి.పి. వాడియా గారిపై బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల యజమానులు హైకోర్టులో దావా వేసి నిషేధపు టుత్తరువు తెచ్చిన కాలమది; కార్మిక సంఘములకు చట్టపు రక్షణ 1926 నాటి శాసనముతో గాని రాలేదు. అట్టి దినములలో గిరిగారు రైల్వే కార్మికులను కూడగట్టి, అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్యకు పునాది వేసినవారిలో ఒకరైరి. 1927లో ఖర్గపూరున పనివారిని తొలగించు యత్నమునకు ఎదురుగా సాగిన సమ్మెకును, దాని వెంట వచ్చిన లాకౌటునకును ఆయన అండగా నిలిచిరి. ఆ ఏడే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభయందు భారత కార్మికుల ప్రతినిధియై కూర్చుండిరి. 1931లో లండను రౌండు టేబులు సమావేశమునకును శ్రామికుల పక్షముననే వెళ్ళిరి. 1926లో ఒకమారు, 1942లో మరియొకమారు అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1929లో నాగపూరున ఆ సంస్థ చీలిపోయినపుడు మితవాదుల పక్షమున నిలిచినను, చీలినవారు మరల ఒక్క కప్పు క్రిందికి వచ్చువరకు ఏండ్ల తరబడి రాయబారము నడిపినవారిలో ఆయనయే ముఖ్యులు.

ఈ కార్యములన్నిటికిని మూలసూత్రమొక్కటే: చర్చల బల్లయొద్ద యజమానికి ఎదురుగా కార్మికునికిని ఒక కుర్చీ ఉండవలెను. స్వాతంత్ర్యానంతరము పారిశ్రామిక వివాదములను ప్రభుత్వము ట్రిబ్యునలుకు పంపుట, ట్రిబ్యునలు తీర్పునకు ఉభయులును తలయొగ్గుట అను పద్ధతి 1947 నాటి శాసనము వలన బలపడినది. 1952లో కేంద్ర కార్మిక మంత్రియైన గిరిగారికి ఈ నిర్బంధ న్యాయనిర్ణయము రుచింపలేదు. వివాదమును మూడవవానికి అప్పగించు అలవాటు ముదిరినకొలది సంఘము తన బలమును మరచి ప్లీడరుల వెంట తిరుగుననియు, యజమాని సంఘముతో మాటలాడుటయే మానుననియు, కనుక ఇరుపక్షములును ముఖాముఖి బేరమాడుకొని కుదుర్చుకొన్న ఒప్పందమే మన్నిక గలదనియు ఆయన వాదించిరి. ఇది గిరి మార్గమను పేర ప్రసిద్ధి కెక్కినది గాని, యజమానులేమి, సంఘములలో పెక్కేమి, తుదకు ప్రభుత్వమేమి దానిని పూర్తిగ స్వీకరింపలేదు.

పరీక్ష 1954లో వచ్చినది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యముల వివాదమున కార్మిక అప్పిలేటు ట్రిబ్యునలు ఇచ్చిన నిర్ణయమును, తనకు చట్టమిచ్చిన అధికారముతో, కేంద్రప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించినది. ట్రిబ్యునలు పద్ధతి గిరిగారికి ఇష్టము లేనిదే. అయినను, న్యాయపీఠమునకు పొండని కార్మికునితో చెప్పి, అక్కడ వచ్చిన ఫలమును ప్రభుత్వమే కోసివేసినచో, ఇక ఆ కార్మికుడు ఎవరిమాట నమ్మవలెను? మంత్రివర్గ సమష్టి బాధ్యత ఒకవైపు, నమ్మినవారి మొగములు ఒకవైపు నిలువగా ఆయన రాజీనామా చేసిరి. ప్రభుత్వము పిదప ఆ వివాదముపై విచారణ సంఘమును నియమించి, 1955లో దాని సిఫారసులననుసరించి ప్రత్యేక శాసనము చేయవలసివచ్చినది. కార్మికుని కుర్చీని కాపాడుటకై తన కుర్చీనుండి లేచిన మంత్రి ఆయన. మూడు రాష్ట్రముల గవర్నరు పదవియు, ఉపరాష్ట్రపతి పదవియు, 1969లో స్వతంత్ర అభ్యర్థిగ గెలిచిన రాష్ట్రపతి పదవియు, 1975లో వచ్చిన భారతరత్నమును త్రాసున ఒక తట్టలో నుంచి, ఈ ఒక్క రాజీనామాను వేరొక తట్టలో నుంచినను, నా దృష్టిలో రెండవదే బరువు తూగును.

అయితే సత్యమును దాచిన ప్రశంస గౌరవము కానేరదు. గిరిగారి అధ్యక్షతా కాలపు చివరి మాసములలోనే, 1974 మే 8న దేశమందలి రైల్వే కార్మికులు సమ్మెకు దిగిరి. ఆయన పునాది వేసిన సమాఖ్యయే ఆ సమ్మెకు ముందు నిలిచినది. జార్జి ఫెర్నాండెజు దానికి అధ్యక్షుడు. వేలాదిమంది చెరసాలల పాలైరి. కార్మికుల కుటుంబములను క్వార్టర్లనుండి వెడలగొట్టిరి. మే 27న సమ్మె ఫలితము లేకయే విరమింపబడినది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు బద్ధుడన్నది రాజ్యాంగ ధర్మమే. కాని 1927లో ఖర్గపూరున పనివారి ప్రక్కన నిలిచిన మనుష్యుడు, ఆ రైల్వే కార్మికుల బిడ్డలు వీధిపాలగుచున్నపుడు దేశపు అత్యున్నత పీఠముపై మౌనముద్ర వహింపవలసివచ్చుట, కార్మికోద్యమము మరువరాని విషాదము. విడిచిన పీఠము ఆయనకు ఇచ్చిన స్వరమును, ఎక్కిన పీఠము హరించినది. ఈ రెండు దృశ్యములను కలిపి చూచిననే గాని ఆయన జీవితము మనకు పాఠము కానేరదు.

ఆ పాఠము నేటికిని పాతబడలేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడు, ఒక సంస్థలో నూటికి 51 మంది సభ్యులు గల సంఘమునే ఏకైక చర్చాప్రతినిధిగా గుర్తింపవలెనని చెప్పుచున్నది. సమ్మెకు ముందు 14 దినముల నోటీసు ప్రజోపయోగ సేవలకే గాక పరిశ్రమలన్నిటికిని విధించుచున్నది. చర్చకు ఒక సంఘమును చట్టము గుర్తించుట మంచిదే. కాని ఒకే షెడ్డులో ఒకే యంత్రమునొద్ద ఒకడు పర్మినెంటు, వేరొకడు కాంట్రాక్టు కూలీయై పనిచేయుచున్నచోట, ఆ రెండవవాని పేరు ఏ సభ్యత్వపు రిజిస్టరున ఎక్కును? అతని పక్షమున బల్లయొద్ద కూర్చుండునదెవరు? గిరిగారి కాలమున రైల్వే కూలీకి లేని కుర్చీ, నేడు ఇతనికి లేదు.

విరమించు నాయకులను మనము సన్మానించుచునే యుందుము. అది మన సంస్కారము. ఆ సభలో శాలువా కప్పుటకు ముందు, ఆ మనిషి కుదిర్చిన ఒప్పందములలో ఒక్కదానినైనను బిగ్గరగా చదివి వినిపింతుము గాక. ఎన్ని రూపాయలు పెరిగినవో, ఎందరు తిరిగి పనిలో చేరిరో, ఏ కోరిక నెరవేరక మిగిలినదో జనము వినవలెను. విశాఖలో నేను చూచిన ఆ యువ కార్యదర్శి, పెద్దాయన మెట్లు దిగిన పిమ్మట ఇంటికి పోక, ఒప్పందముల కట్ట విప్పి మొదటి కాగితము చదువ మొదలుపెట్టెను. ఆ వృద్ధునికి ఆనాడు జరిగిన సన్మానములలో నిజమైనది అదియే.