భూమి తిరుగుతుంటే మనం పడిపోమేం?

భూమి బొంగరంలాగా తన చుట్టూ తాను తిరుగుతున్నదని మీరు చదువుకున్నారు. ఆ లెక్కన మన తెలుగునాట కదలకుండా కూర్చున్నవాడు కూడా గంటకు సుమారు 1600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నాడన్నమాట! మరి మనకు చిన్న కుదుపైనా తెలియదేం?

రైలు ఒకే వేగంతో తిన్నగా పోతున్నప్పుడు, మీ చోట కూర్చునే ఒక రూపాయి బిళ్ళను నిటారుగా ఎగరవేసి చూడండి. అది వెనక్కు పోదు. మీ చేతిలోనే పడుతుంది. మీకూ, బిళ్ళకూ, పెట్టెలోని గాలికీ రైలు వేగమే ఉన్నది గదా! భూమి మీదా అంతే. ఇళ్ళూ, చెట్లూ, గాలీ, మనమూ అందరం కలిసే పోతున్నాం. ఈ సంగతిని గెలీలియో 1632లోనే ఓడను ఉదాహరణగా తీసుకుని వివరించాడు.

మనకు తెలిసేది వేగం కాదు, వేగంలో వచ్చే మార్పు. బస్సుకు బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు. ఎవరూ నెట్టలేదు సుమా! బస్సుతోపాటు పాదాలు ఆగాయి. ఒళ్ళు మాత్రం పాత వేగంతోనే పోబోయింది. దీనినే జడత్వం అంటారు. భూమి ఇలా బ్రేకు వేయదు. ఒక చుట్టుకు దాదాపు 24 గంటలు పడుతుంది గనుక, మన దిక్కు మారడం కూడా తెలియనంత నిదానం.

ఇప్పుడు చెప్పండి: కదిలే బస్సులోంచి దూకినవాడు ఎందుకు పడతాడు? పాదం నేలను తాకి ఆగుతుంది, ఒళ్ళు ఆగదు! కనుక బస్సు పూర్తిగా ఆగిన తరువాతే దిగండి. జడత్వం పాఠం మార్కులకే కాదు, మీ కాళ్ళూ చేతులూ కాపాడుకోవడానికి కూడా.