జనవరి 1న పుట్టినోళ్ళం కోడ్‌లో డిసెంబర్ 31న ఎందుకు పుడుతున్నాం?

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అయితే తప్పకుండా చదవండి. మిగతావాళ్ళకీ పనికొస్తుంది, ఎందుకంటే ఇది మన పుట్టిన తేదీల గొడవ.

ఆమధ్య పాడేరు వైపు నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, నా అప్లికేషన్ ఆపేశారు. పుట్టిన తేదీ కలవట్లేదంట, నోటరీ అఫిడవిట్ తెమ్మంటున్నారు" అంది. టెన్త్ సర్టిఫికెట్‌లో 05/08/2004, అంటే ఆగస్టు 5. వెబ్‌సైట్ ఇచ్చిన ఫారంలో మాత్రం మే 8. ఆ పిల్ల సరిగ్గానే టైప్ చేసింది, కోడే తిరగేసి చదివింది. కానీ ఘాట్ దిగి వైజాగ్ వచ్చి, నోటరీకి డబ్బులు కట్టి, రెండు రోజులు పోగొట్టుకున్నది ఆమె.

ఎందుకిలా జరుగుతుంది? జావాస్క్రిప్ట్‌లో 05/08/2004 అనే స్ట్రింగ్‌ని నేరుగా డేట్ ఆబ్జెక్ట్‌కి ఇస్తే, బ్రౌజర్లు దాన్ని అమెరికా పద్ధతిలో చదువుతాయి. ముందు నెల, తర్వాత రోజు. 25/08/2004 ఇస్తే 25వ నెల లేదు కాబట్టి చెల్లదు అంటుంది. అది నయం, తప్పు వెంటనే బయటపడుతుంది. ప్రమాదమంతా 12వ తేదీ లోపు పుట్టినవాళ్ళకే. లెక్క వేయండి: 12 నెలలు, నెలకి 12 రోజులు, మొత్తం 144 తేదీలు. 01/01, 02/02 లాంటివి 12 తీసేస్తే 132. అంటే ఏడాదిలో మూడో వంతుకి పైగా తేదీలు చడీచప్పుడు లేకుండా మారిపోతాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక ఫారం రాశాను. టెస్టింగ్‌కి 01/01/2004 కొట్టాను. రోజు, నెల తారుమారైనా 01/01 మారదు కదా, స్క్రీన్ మీద బాగానే కనిపించింది. డేటాబేస్‌లో చూస్తే 2003-12-31! మన టైమ్ యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. మన దగ్గర జనవరి 1 అర్ధరాత్రి 12 అయితే, యూటీసీలో ఇంకా డిసెంబర్ 31 సాయంత్రం 6:30. నేను ఆ టైమ్‌ని యూటీసీలోకి మార్చి, తేదీ ముక్క మాత్రమే కోసి దాచాను. ఒక రోజు వెనక్కి పోయింది, దాంతోపాటు ఏడాదీ పోయింది.

దేశం మొత్తానికి టైమ్ ఇచ్చే 82.5 డిగ్రీల రేఖ మన పక్కనున్న కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. అయినా ఈ అయిదున్నర గంటలు మనకే గుర్తుండదు!

ఇది మనకి చిన్న విషయం కాదు. మన ఊళ్ళలో ఇంటి దగ్గరే పుట్టి, సర్టిఫికెట్ లేక, బడిలో చేర్చినప్పుడు మాస్టారు వేసిన తేదీతో బతుకుతున్నవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అందులో జనవరి 1 చాలామందికి ఉంటుంది. "01-01-2004కి ముందు పుట్టి ఉండకూడదు" అని రూల్ ఉన్న చోట ఈ ఒక్క రోజు చాలు, మనవాడు అనర్హుడైపోతాడు. అసలే "మీ తేదీలన్నీ ఇలాగే ఉంటాయి" అనే చులకన ఉంది. దానికి కోడ్ తప్పు కూడా తోడైతే నింద మళ్ళీ పిల్లల మీదే పడుతుంది.

నా అభిప్రాయం ఒక్కటే: పుట్టిన తేదీ అనేది టైమ్ కాదు. పోర్టులో ఓడ బెర్త్‌కి వచ్చిన క్షణం, స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ పంచ్ పడిన క్షణం — వాటికి టైమ్ జోన్ కావాలి. పుట్టిన తేదీకి గంటలూ వద్దు, టైమ్ జోనూ వద్దు. రోజు, నెల, ఏడాది, మూడు అంకెలు. వాటిని అలాగే ఉంచాలి.

మరి ఏం చేయాలి? స్ట్రింగ్ ఇచ్చి "నువ్వే అర్థం చేసుకో" అని లాంగ్వేజ్‌కి వదిలేయొద్దు. పైథాన్ అయితే ముందు రోజు, తర్వాత నెల, తర్వాత ఏడాది అని ఫార్మాట్ మనమే చెప్పాలి. జావాలో 2014 నుంచి లోకల్‌డేట్ ఉంది, అది వాడండి. దాచేటప్పుడు 2004-08-05 రూపంలో, డేటాబేస్‌లో తేదీ మాత్రమే పట్టే కాలమ్‌లో పెట్టండి. ఏడాది, నెల, రోజు అనే ఈ వరుసకి 1988 నుంచే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. టెస్టింగ్‌కి కనీసం నాలుగు తేదీలు కొట్టండి: 05/08/2004, 25/08/2004, 01/01/2004, 29/02/2004.

అన్నిటికంటే ముఖ్యం, సబ్మిట్‌కి ముందు "మీరు పుట్టింది 5 ఆగస్టు 2004, అవునా?" అని నెల పేరుతో చూపించండి. టెన్త్ సర్టిఫికెట్‌లో తేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసేది ఊరికే కాదు. కాగితం రాసిన పాతకాలపు గుమస్తాకి ఉన్న జాగ్రత్త మన కోడ్‌కి ఎందుకు ఉండకూడదు?

"ఫారం నింపేవాళ్ళు చూసుకోవాలి కదా" అని నా తోటివాళ్ళే అంటారు. చూసుకోవాలి, నిజమే. కానీ సరిగ్గా రాసినదాన్ని కూడా తిరగేసే కోడ్ ముందు వాళ్ళేం చూసుకుంటారు?

అప్లికేషన్ వేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ప్రింట్ తీసిన ఫారంలో నెల ఒకసారి చూసుకోండి. తేడా ఉంటే ఆ రోజే స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. కోడ్ రాసేవాళ్ళు పైన చెప్పిన నాలుగు తేదీలు ఈ రోజే మీ ప్రాజెక్టులో కొట్టి చూడండి. ఏం వచ్చిందో కింద కామెంట్‌లో రాయండి, కలిసి సరిచేద్దాం.