అద్దె హరించిన ఆరోగ్యము

పేదల యనారోగ్యమునకు వారి యజ్ఞానమే మూలమనుట సుఖజీవులకు చిరకాలముగా నలవాటైన మాట. తల్లికి వంట తెలియదు, ఇంటికి శుభ్రత తెలియదు, మురికివాడను వదలించినచో రోగము తానే వదలును. ఇది వారి సిద్ధాంతము. ఇంగ్లండులోని స్టాక్‌టన్-ఆన్-టీస్ పట్టణమున నీ సిద్ధాంతమునకు గట్టి పరీక్షయే జరిగినది.

1927లో ఆ పట్టణపు పురపాలక సంఘము హౌస్‌వైఫ్ లేన్ అను మురికివాడను తొలగించి, అందలి 152 కుటుంబములను మౌంట్ ప్లెజెంట్ అను క్రొత్త పేటకు తరలించెను. ఇండ్లు క్రొత్తవి, స్నానపు వసతి గలవి. ఇంతటితో తమ ధర్మము నెరవేఱినదని యెవ్వరైన నెంచియుందురు. కాని ఆరోగ్యాధికారి డాక్టరు మెక్‌గానిగల్ తృప్తి చెందక మరణముల లెక్క తీసెను. వయోభేదములను సవరించి గణింపగా, పాతవాడలో 1923–27 నడుమ ఏటేట వేయింటికి 22.91గా నున్న మరణములు, క్రొత్త యిండ్లలో 1928–32 నడుమ 33.55కు పెరిగినవి! తరలింపబడక మిగిలిన పొరుగు మురికివాడలో నట్టి పెరుగుదల కానరాలేదు.

కారణమేమి? అంటువ్యాధులా? ఇండ్ల లోపమా? మురుగుకాలువల లోపమా? ఆయన యొక్కొక్కదానిని పరీక్షించి త్రోసివేసెను. మిగిలినది అద్దె. అది దాదాపు రెట్టింపైనది. పరిశ్రమలు కుంగి పనులు పోయిన దినములవి. ఆదాయము మాత్రము పెరుగలేదు. అద్దె తప్పించుకొన వీలులేనిది. కనుక కోతపడినది కూటి ఖర్చునకే. ఈ విషయమునే ఆయన 1936లో గ్రంథముగ ప్రకటించెను.

అజ్ఞానవాదులను మే మొక్కటి యడుగుచున్నాము. ఇల్లు మాఱినంతనే ఆ తల్లులు వంట మఱచిరా? ఆ చేతులే, ఆ పొయ్యి నేర్పే. తగ్గినది కుండలోని సరకు.

ఆ దినములలోనే లండనులోని ప్రధాన వైద్యాధికారి సర్ జార్జి న్యూమన్, నిరుద్యోగమువలన ప్రజారోగ్యమునకు చెప్పుకోదగిన హాని లేదని వార్షిక నివేదికలలో వ్రాయుచుండెను. దేశమంతటి సగటును చూచువారికి ఒక వీధిలోని శవపేటికలు కానరావు.

మురికివాడలు నిలువవలెనని మా మతము కాదు. ఇల్లిచ్చి ముద్ద లాగికొనుట సంస్కరణము కాదనియే మా వాదము. పాలు బిడ్డకు మంచివని బోధించు ఆరోగ్య సందర్శకురాలు, ఆ పాలు కొనుటకు పెన్నీ మిగిలినదా యని యడుగనిచో, ఆ బోధ యెవరి కడుపు నింపును?

నేడును ఏ నగరమున పేదలను క్రొత్త యిండ్లకు తరలించినను, గోడల కొలతతోబాటు అద్దె పోగా మిగులు కూటిడబ్బును లెక్కింపవలెను. ఆ లెక్క వ్రాయని ఆరోగ్యశాఖ పేరునకే ఆరోగ్యశాఖ.