డబ్బుంటే కొనేవాణ్ణి

'డబ్బుంటే కొంటాను' అన్నవాడికి రేపు డబ్బు అందవచ్చు. 'డబ్బుంటే కొనేవాణ్ణి' అన్నవాడి దగ్గర డబ్బు లేదు. ఆ సంగతి అతను విడిగా చెప్పనక్కర్లేదు. బడి ముఖం చూడని పిల్లలకూ ఈ తేడా తెలుసు. అదే తేడా ఇంగ్లీషు పాఠంలో ఎదురైతే మాత్రం డిగ్రీ చదివినవాళ్లూ తడబడతారు. ఊహించడం రాక కాదు. ఆ ఊహకు రెండు భాషలూ వాక్యంలో వేర్వేరు చోట్ల గుర్తు పెడతాయి.

పై రెండు తెలుగు వాక్యాల్లోనూ 'డబ్బుంటే' మారలేదు. మన వ్యాకరణాలు చేదర్థకమనే ఈ రూపం జరగగలదానికీ, జరగనిదానికీ సరిపోతుంది. అసలు విషయం చివరి క్రియలో తేలుతుంది. ఇంగ్లీషు అంతవరకూ ఆగదు, 'ఇఫ్' దగ్గరే క్రియను మార్చేస్తుంది. 'ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ విల్ బై ఇట్' అంటే కొనే అవకాశం ఉన్నట్టు. 'ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్' అంటే ఇప్పుడు చేతిలో డబ్బు లేనట్టు. 'ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఇట్' అంటే అప్పుడు లేదు, ఆ అవకాశమూ పోయింది. ఈ చివరి రెండింటికీ మనకు చాలాసార్లు 'డబ్బుంటే కొనేవాణ్ణి' ఒక్కటే చాలు. మరీ తేల్చి చెప్పాలంటే 'ఉండి ఉంటే' అంటాం. అందుకే మన పిల్లలు రెండో సగంలో 'వుడ్' సరిగ్గానే రాసి, మొదటి సగంలో 'హావ్'ను అలాగే వదిలేస్తుంటారు. అది అజాగ్రత్త కాదు, అమ్మభాష అలవాటు.

ఇప్పటి మాట చెబుతూ 'హాడ్' అని భూతకాలం ఎందుకన్నది పిల్లల అసలు సందేహం. జవాబు వాళ్ల నోట్లోనే ఉంది. 'చిన్నప్పుడు రోజూ బఠాణీలు కొనేవాణ్ణి' అన్నప్పుడు 'కొనేవాణ్ణి' గడిచిన కాలపు అలవాటును చెబుతుంది. 'డబ్బుంటే కొనేవాణ్ణి'లో అదే రూపం జరగనిదాన్ని చెబుతుంది. ఇంగ్లీషు 'వుడ్'దీ ఇదే తీరు: ఒకప్పటి అలవాటుకూ అదే, ఊహకూ అదే. రెండు భాషలూ నిజానికి దూరంగా ఉన్నదాన్ని చెప్పడానికి భూతకాలాన్నే ఎరువు తెచ్చుకున్నాయి. 'ఇఫ్ ఐ వర్ యూ'లోని 'వర్' ఇంగ్లీషులో ఒకప్పుడు విడిగా ఉన్న ఊహార్థక రూపానికి మిగిలిన ఆనవాలు. దాన్ని అలాగే నేర్చుకోవడం మేలు.

1981లో ఆల్‌ఫ్రెడ్ బ్లూమ్ అనే అమెరికన్ పరిశోధకుడు, చైనీస్‌లో ఇలాంటి ప్రత్యేక క్రియారూపం లేదు కాబట్టి జరగనిదాన్ని ఊహించి తర్కించడం ఆ భాషవాళ్లకు కష్టమని వాదించారు. ఆయన పరీక్షకు వాడిన కథల్లోని చైనీస్ సహజంగా లేదనీ, సహజంగా రాసిస్తే చదువరులు చక్కగా గ్రహించారనీ 1983లో టెర్రీ ఔ చూపించారు. మన తరగతి గదులకూ ఈ సంగతి పనికొస్తుంది: పిల్లల తడబాటు ఊహలో కాదు, వాక్యరూపంలో.

ఈ వాక్యాలు మార్కుల కోసమే కావు. 'ఆ రోజు మీరు ఫీజు కట్టకపోతే నా చదువు ఆగిపోయేది' అనే కృతజ్ఞత, 'కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బతికేవాడు' అనే దుఃఖం వీటిలోనే పలుకుతాయి. ఉద్యోగ ఇంటర్వ్యూలో 'మీరే మేనేజరైతే ఏం చేసేవారు?' అని అడిగినా జవాబు ఈ అచ్చులోనే రావాలి. ఇంత బతుకున్న వాక్యాన్ని టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ అనే పట్టికగా బట్టీ పట్టిస్తున్నాం. పరీక్ష ముందురోజు తిరగేసుకోవడానికి పట్టిక మంచిదే. మొదటి పాఠం మాత్రం అది కాకూడదు.

ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ఒక మనవి. బోర్డు మీద 'ఇఫ్' రాసే ముందు, జరగని సంగతులు నాలుగు పిల్లల చేత తెలుగులో చెప్పించండి. వాటిలో క్రియ ఎక్కడ మారిందో వాళ్లనే గుర్తించమనండి. ఆ తర్వాత ఇంగ్లీషులో ఎక్కడెక్కడ మారుతుందో చూపండి. ఇంగ్లీషు మీడియం బడి అయినా సరే, ఈ ఒక్క పీరియడ్‌లో తెలుగును తలుపు బయట నిలబెట్టకండి.