కొండ మనది, లెక్క వాళ్ళది – ఇంకెన్నాళ్ళు?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా,

ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఈఏపీసెట్ ర్యాంకు పట్టుకుని ఏ బ్రాంచి పెట్టాలో తేల్చుకోలేకపోతున్న ప్రతి కోయ, కొండరెడ్డి, కొండదొర బిడ్డకీ ఈ మాట. అందరూ కంప్యూటర్ సైన్స్ పెట్టమంటారు. పెట్టుకోండి, తప్పులేదు. కానీ మనలో కొందరు కరెంటు చదువు చదివి తీరాలి. ఎలక్ట్రికల్ కావచ్చు, ఎనర్జీ ఇంజనీరింగ్ కావచ్చు, జలవిద్యుత్ కావచ్చు. మన కొండల మీద జరుగుతున్న బేరమంతా ఇప్పుడు ఆ సబ్జెక్టు భాషలోనే జరుగుతోంది.

చింతూరు మండలం మోతుగూడెం చూడండి. లోయర్ సీలేరులో ఒక్కోటి 115 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లు, మొత్తం 460. 1970ల నుంచి తిరుగుతున్నాయి. దాని ఎగువన అప్పర్ సీలేరు, 240 మెగావాట్లు. ఇంకా పైన మాచ్‌ఖండ్, 1955 నుంచి. టర్బైన్లు తిప్పిన ఆ నీళ్ళే శబరిలో కలిసి గోదావరికి చేరతాయి. రబీలో గోదావరి చిక్కిపోతే ధవళేశ్వరం కింద రెండో పంటకి సీలేరు నీళ్ళు వదలమని అడుగుతారు. అంటే మన కొండ నీళ్ళు ఒకసారి మైదానానికి కరెంటవుతాయి, ఇంకోసారి డెల్టాకి వరి అవుతాయి. మరి ఆ పవర్‌హౌస్‌లలో మనవాళ్ళు ఎక్కడున్నారు? కంట్రోల్ రూములో ఎంతమంది, గేటు దగ్గర ఎంతమంది, కాంట్రాక్టు కూలీల్లో ఎంతమంది? మీ ఊరి నుంచే లెక్కపెట్టుకుంటూ రండి.

ఇదేమీ మనకి అందని చదువు కాదు. సెకనుకి ఒక ఘనపు మీటరు నీరు 100 మీటర్ల ఎత్తు నుంచి పడితే దాదాపు 980 కిలోవాట్లు. యంత్రాల్లో పోయేది తీసేసినా 800కి పైనే మిగులుతుంది. ఆ ఎత్తుని పుస్తకంలో 'హెడ్' అంటారు. మన పెద్దలు దాన్ని కొండ అన్నారు. ఏ వాగు ఎండాకాలంలోనూ పారుతుందో మన ఇళ్ళలో ముసలోళ్ళకి తెలుసు. ఆ తెలివికి కాగితం మీద లెక్క కట్టడం రాకపోవడం వల్లే మన కొండ వాళ్ళ రిపోర్టులో ఒక అంకె అయిపోయింది.

ఆ అంకెలు ఎంత పనిచేస్తాయో పోలవరం ముంపు మండలాల్లో వాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు దగ్గర 960 మెగావాట్ల కేంద్రం వస్తోంది, 80 మెగావాట్లవి పన్నెండు యూనిట్లు. దానికి పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ పునరావాసానికి మాత్రం గీత 41.15 దగ్గర గీశారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ గీతకి పైనున్న ఊళ్ళూ మునిగాయి. 'మా ఊరు మునిగింది కదా, జాబితాలో ఎందుకు లేదు?' అని జనం అడిగితే, ఎదురుగా పెట్టేది మళ్ళీ ఆ మీటర్లే.

నది చెరువు కాదు. వరద పారేటప్పుడు డ్యాం దగ్గరున్న మట్టమే పైన కూడా ఉండదు, ఎగువకి పోయేకొద్దీ నీటిమట్టం లేస్తుంది. దీన్ని బ్యాక్‌వాటర్ అంటారు. బీటెక్‌లో హైడ్రాలిక్స్ చదివే ప్రతి పిల్లాడికీ చెప్పే పాఠమే ఇది. కూనవరంలోనో వీఆర్‌పురంలోనో గ్రామసభలో లేచి 'సార్, ఆ బ్యాక్‌వాటర్ లెక్క ఏ వరదకి కట్టారు? మా ఊరి దగ్గర ఎంత వచ్చింది?' అని అడిగే మన ఇంజనీరు ఊరికొకరుంటే, జాబితా అంత తేలిగ్గా మూసేయగలరా?

ఇప్పుడు కొత్త మాట 'గ్రీన్ ఎనర్జీ'. పంప్డ్ స్టోరేజీ అంటే ఏమిటో తెలుసుకోండి. కింద ఒక రిజర్వాయరు, పైన ఒకటి. పగలు సోలార్ కరెంటు మిగిలితే నీళ్ళు పైకి తోడతారు, సాయంత్రం వాడకం పెరిగితే కిందికి వదిలి కరెంటు తీస్తారు. 100 యూనిట్లు పెట్టి తోడితే తిరిగొచ్చేది 75, 80. కాబట్టి ఇది కొత్తగా కరెంటు పుట్టించేది కాదు, దాచిపెట్టే బ్యాటరీ. ఆ బ్యాటరీ మన కొండ. అప్పర్ సీలేరు దగ్గర జెన్‌కో 1350 మెగావాట్లది తలపెట్టింది. మన్యం జిల్లాలో కురుకుట్టి, కర్రివలస ప్రాజెక్టులకి 2022లో అదానీ గ్రీన్‌కి రాష్ట్ర ప్రభుత్వం ఆమోదమిచ్చింది. నేను సోలార్‌కి వ్యతిరేకిని కాను. పొగ లేని కరెంటు కావాలి. కానీ పొగ లేనంత మాత్రాన నిర్వాసితులు లేరని కాదు.

ఇందులో ఇంకో మోసం ఉంది. జెన్‌కో కడితే ఉద్యోగాల్లో ఎస్టీలకి 6 శాతం రిజర్వేషను ఉంటుంది. ప్రైవేటు కంపెనీ కడితే అదీ లేదు. గనుల కేసే అయినా, 1997 సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటుకి లీజులు చెల్లవంది, ఆదివాసీ సహకార సంఘాలకి మాత్రం దారి తెరిచి ఉంచింది. అదే పద్ధతిలో మన వాగు మీద మన సంఘమే చిన్న జలవిద్యుత్ కేంద్రం ఎందుకు నడపకూడదు? నడపొచ్చు. డిజైను చేయడానికి, మరమ్మతు చేయడానికి మనవాళ్ళు ఉండాలి కదా!

'చదివినోడు కంపెనీలో చేరిపోతాడు, మనకేం మిగులుతుంది?' అని మనలోనే కొందరు అంటారు. కొందరు చేరతారు. ఆ భయంతో అందరినీ ఆపేస్తే కంపెనీకే లాభం. ఇంజనీరు ఒక్కడే డ్యాం ఆపలేడు, అది జనం పని. కానీ జనం చేతిలో లెక్క లేకపోతే ప్రతిసారీ వినతిపత్రం దగ్గరే ఆగిపోతాం.

సీట్లు లేవనకండి. తాడేపల్లిగూడెం నిట్‌లో మనకి 7.5 శాతం, కాకినాడ జేఎన్‌టీయూలో 6 శాతం. అడ్డం అంతకుముందే ఉంది. 'ఏజెన్సీ పిల్లలకి లెక్కలెందుకు, ఆర్ట్స్ తీసుకో' అని నాకూ చెప్పారు, మీకూ చెప్పుంటారు. స్థానిక టీచర్ల కోసం ఉన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన భాషలో లెక్కలు చెప్పే టీచరు లేకపోతే ఇంజనీరు ఎక్కడి నుంచి వస్తాడు?

అందుకే అడుగుదాం. గిరిజన సంక్షేమ గురుకులాల్లో ఎంపీసీకి లెక్కల పోస్టు ఒక్కటీ ఖాళీ ఉండకూడదు. ఏజెన్సీ పాలిటెక్నిక్ పిల్లలకి సీలేరు, మోతుగూడెం పవర్‌హౌస్‌లలో అప్రెంటిస్‌షిప్ ఇవ్వాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ విద్యుత్ ప్రాజెక్టయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, దాని డీపీఆర్ తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. పెసా చట్టం 1996లో వచ్చింది. సంప్రదించడమంటే అర్థమయ్యేలా చెప్పడమే, అర్థం కాని కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం కాదు.

ఈ కౌన్సెలింగ్‌లో ఎలక్ట్రికల్ పెట్టిన తమ్ముడో చెల్లో ఉంటే కింద రాయండి. పుస్తకాలు, సీనియర్లు, ట్యూషన్ – ఏది కావాలన్నా కలిసి చూసుకుందాం. రేపు మీ ఊరికి సర్వే కర్ర పట్టుకుని ఎవరైనా వస్తే, ఆ కర్ర మీద అంకె చదవగలిగినవాళ్ళు మన వైపు నిలబడి ఉండాలి.

జై ఆదివాసీ.