పెరట్లో తంగేడు

ఏడాది పొడవునా పచ్చగా ఉండి, గుత్తులుగా పూసే పొద పెరట్లో ఉండాలని ఎవరికుండదు? రంగుల పుస్తకాలలో మురిపించే డైసీ పొదలు, అనగా ఒలియేరియాలు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు ప్రాంతాలవి. 45 డిగ్రీలకు చేరే మా కరీంనగర్, ఆదిలాబాద్ ఎండలకు వాటిని బలిపెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ కుటుంబపు పూలే కావాలంటే బంతి, చామంతి ఉండనే ఉన్నవి. (వయ్యారిభామ సైతం ఆ వంశపుదే. దానిని ఎవరూ నాటనక్కరలేదు!)

పొదే కావాలంటే తంగేడు నాటండి. సంస్కృతంలో దీని పేరు ఆవర్తకి. ఆకుకాడ మొదట చెవులవంటి రేకులుండుటచేత లాటినులో ఆరిక్యులేటా అన్నారు. తోళ్ళ పదునుకు దీని చెక్క ప్రసిద్ధం. ఎర్రనేలలోనూ, నీటి ఎద్దడిలోనూ పచ్చదనం విడువదు.

2014లో తెలంగాణ దీనిని రాష్ట్రపుష్పంగా ప్రకటించింది. అయినను పట్టణపు ఆడపడుచులు బతుకమ్మకు తంగేడును అంగడిలో కొనవలసి వస్తున్నది, ఊరి బీళ్ళు ప్లాట్లయినవి గనుక. అమ్మేవారిని తప్పుపట్టను, వారికది నాలుగు రోజుల కూలి. కాని పూతమీది కొమ్మలు నరికితే కాయ ఎక్కడిది, విత్తనమెక్కడిది?

ఎండిన కాయలు ఏరుకొని దాచండి. గింజ పెంకు గట్టిది. వేడినీళ్ళలో వేసి రాత్రంతా నాననిచ్చి, మృగశిర కార్తె వానలకు ప్రహరీ పక్కన నేలలోనే విత్తండి. తల్లివేరు లోతుకు దిగే మొక్క గనుక కుండీ కన్న నేలే మేలు. సద్దుల నాడు పూలు కోసేటప్పుడు రెండు కొమ్మలు ముట్టకుండా వదలండి, పక్కింటి వదినమ్మ విత్తనం అడుగుతుంది.